కాటా ముల్లు

నేను రొయ్యల షెడ్డులో కాటా రాస్తాను.
ఎవరి ట్రేలో ఎన్ని కిలోలు, ఏ కౌంటు,
ఎవరి చేతిలో పెంకు మిగిలిపోయిందీ
అన్నీ నా పుస్తకంలో.
వాళ్లు ఐసు నీళ్లలో, నేను తడిసిన కాగితాల్లో
ఆరు రోజులు.
ఏడో రోజు మధ్యాహ్నం
మొగల్తూరు అవతల, చెరువుల గట్టు మీద
వీర్రాఘవులు గీసే తాడిచెట్ల కింద చాపేసుకుంటాం.

ఎస్తేరు, గన్నెమ్మ, నాగవేణి, నేను.
ఎండు మెత్తళ్ల వేపుడు ఎస్తేరు తెస్తుంది.
రొయ్య మాత్రం ఎవరూ తేరు.
ఇవాళ కూడా ఆ వాసనెందుకే, అంటుంది గన్నెమ్మ.

వీర్రాఘవులు మోకు విప్పుకుని లొట్టి వంచుతాడు.
నురగలో మునిగిన తేనెటీగని
చిటికెనవేలితో తీసి ఆకు మీద పెడతాడు.
"దీనికి ఎక్కువైందండీ, ఆయ్."
ప్రతివారం అదే మాట.
మొదటి డొప్పకి ముందు మర్యాదకి నవ్వుతాం,
రెండో డొప్ప తరవాత
గుర్తు తెచ్చుకుని మరీ.

నాకు లెక్క అలవాటు, ఊరుకోలేను.
ఒక డొప్పకి భుజాలు ఎంత దిగుతాయో చూస్తాను.
నాగవేణివి నాలుగు వేళ్లు.
ఆరు రోజులూ చెవుల దాకా ఎక్కించుకుని ఉంటుంది మరి.
గన్నెమ్మ జడ విప్పి మళ్లీ అల్లుకుంటుంది,
ఏ కారణమూ లేకుండా.
ఎస్తేరు చర్చిలో పాడే గొంతు బయటికి తీసి
సూపర్‌వైజరు నడక మీద పాట కడుతుంది.
మొగుళ్ల మీద కోపం పోదు గానీ
అందులో కాస్త నవ్వు కలుస్తుంది,
పులుసులో బెల్లం ముక్కలాగ.

నేనా?
ఎదురు చెరువులో ఏరేటర్లు తిరగడం చూస్తాను.
నీళ్లకి ఊపిరాడ్డానికి
ఎవడో స్విచ్చి వేసి వెళ్లాడు.
మా సంగతీ ఇంతేనేమో.

మూడోది లేదు.
ఎవరూ వద్దనలేదు, ఒట్లేం పెట్టుకోలేదు.
ఒకసారి గన్నెమ్మ మూడోది పోయించుకుని
నవ్వుతూ నవ్వుతూ
పోయిన తమ్ముడి పేరు దగ్గర ఆగిపోయింది.
ఆ సాయంత్రం స్కూటీ మీద
మధ్యన కూచోబెట్టుకుని తీసుకెళ్లాం.
అప్పటినుంచి రెండయ్యాక
వీర్రాఘవులే లొట్టికి గుడ్డ కట్టేస్తాడు,
బేరం పోయినా సరే.

ఇంకోటుంది, ఎవరికీ చెప్పలేదు.
ఒక బుధవారం సీసాలో ఇంటికి తెచ్చుకున్నాను.
అదే చెట్టు, అదే రెండు డొప్పల కొలత, స్టీలు గ్లాసులో.
తలుపేసుకుని తాగాను.
భుజాలు దిగాయి. అంతే.
దిగాయని చూసేవాళ్లు లేరు.
ఫ్యాను చప్పుడు పెద్దదైంది.

ఆదివారం రాత్రి కూడా, నిజం రాయాలంటే,
రెండు గంటలకి మెలకువొస్తుంది.
నోరెండిపోయి, గుండె కొంచెం తొందరగా.
ట్రే తీసేశాక కాటా ముల్లు
తిన్నగా సున్నా దగ్గర ఆగదు.
ఒక గీత కిందికి జారి, ఊగి, అప్పుడొస్తుంది.
ఆ గీత కింద కాసేపు పడుకుంటాను.
పిల్ల ఫీజు, అమ్మ కంటి ఆపరేషను,
గన్నెమ్మతో అనకుండా ఉండాల్సిన మాటొకటి,
నీళ్లోడుతున్న ట్రేల్లాగ వరసగా.
లేచి నీళ్లు తాగుతాను.
కప్పలు అరుస్తుంటాయి, వాటికేం ఆదివారం.

తెల్లారి షెడ్డు గుమ్మంలో
గ్లౌజులు తొడుక్కుంటూ నాగవేణి
నా మొహం చూసి
"దీనికి ఎక్కువైందండీ, ఆయ్" అంది,
అచ్చం వీర్రాఘవులు గొంతుతో.
ఐసులో చేతులు పెట్టకముందే
నలుగురికీ నవ్వొచ్చేసింది.
ఆ నవ్వు ఏ గడిలో రాయాలో తెలియక
మొదటి ట్రే కాటా మీదికెత్తాను.
ఎస్తేరు. పన్నెండున్నర. అరవై కౌంటు.